బొమ్మలో లేని తిండి

కోడలు ఇస్త్రీ దుకాణం నుంచి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో కళ్ళు తిరిగి పడున్నారు. పంచదార నీళ్ళు తాగించి లేపి కూర్చోబెట్టి, "ఏం తిన్నారత్తయ్యా?" అని అడిగితే, "బొమ్మలో ఉన్నదే" అన్నారావిడ.

బొమ్మంటే ఆరోగ్యకేంద్రం వాళ్ళు షుగరు రోగులకి పంచిన కంచం బొమ్మ. అందులో ఆవిడ గుర్తుపట్టింది కోడిగుడ్డు ఒక్కటే. మిగతా ఆకులూ గింజలూ ఆ వీధిలో ఎవరూ అమ్మరు, ఎవరూ ఎరగరు. బొమ్మలో లేనిది తినకూడదు కాబోలనుకుని పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తిన్న తిండంతా మానేసి, గుడ్డు తిని, మాత్ర మాత్రం ఠంచనుగా వేసుకుంటున్నారు.

మర్నాడు ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్తే డాక్టరు మాత్ర తగ్గించాడు. "కడుపునిండా తినకపోతే ఈసారి లేవరు. ఏం తినాలో పక్క గదిలో చెప్తారు" అన్నాడు.

పక్క గదిలో పోషకాహార సలహాదారమ్మ. కోడలు చెప్పేది సగం వినకుండానే, "అయ్యో, అందుకేనండీ బొమ్మ మార్చేశాం! అన్ని రకాల వాళ్ళనీ కలుపుకుపోవాలిగా!" అంటూ కొత్త పటం విప్పింది. అదే కంచం. అవే ఆకులు. చుట్టూ మాత్రం రకరకాల బట్టలు కట్టుకున్న జనం పళ్ళికిలిస్తున్నారు. దీనికో కమిటీ, దానికి మీటింగులు, మీటింగుల్లో టీలూ బిస్కట్లూ! ఆహా, ఏం ఉద్ధరించారమ్మా!

"మరి మేం తినే తిండేదండీ ఇందులో?"

"ముందు మంచి అలవాట్లు నేర్చుకుంటే..."

"అంటే ఇన్నాళ్ళూ మేం తిన్నది మట్టా?"

సలహాదారమ్మ చూపు అప్పటికే అత్తగారి మీద పడింది. "మామ్మగారి మొహం ఎంత కళగా ఉందో! పటంలో ఓ పెద్దావిడ తక్కువైందండీ. ఒక్క ఫోటో!" అత్తగారు మురిసిపోయి జుట్టు సవరించుకున్నారు. ఎదురుగా నిండు కంచం పెట్టి ఫోటో తీశారు.

"తినొచ్చామ్మా?" అన్నారావిడ మొహమాటంగా.

"ప్లాస్టిక్‌వి మామ్మగారూ!" అని సలహాదారమ్మ విరగబడి నవ్వింది. అత్తగారూ నవ్వారు. కోడలికి ఒళ్ళు మండిపోయింది. కంచం పక్కకి నెట్టి, ఇంటి నుంచి తెచ్చిన క్యారేజీ ఠపీమని బల్ల మీద పెట్టి మూత తీసింది.

"ఇది ఎంత తినొచ్చో చెప్పండి. ఇంకేం చెప్పక్కర్లేదు."

సలహాదారమ్మ తొంగి చూసి, "అది మా చార్టులో లేదండీ" అంది.

"పొరపాటైందమ్మా, మా అమ్మాయికి తెలీక తెచ్చింది" అని అత్తగారు గబగబా మూత పెట్టబోయారు.

కోడలికి ఏడుపొచ్చింది. మూత లాక్కుని, ముద్ద కలిపి ఆవిడ నోటి దగ్గర పెట్టింది. "వాళ్ళకి తెలీకపోతే మీరెందుకు పస్తులుండాలి? తినండత్తయ్యా."

అత్తగారు నోరు తెరవలేదు. తినమంటుందేమోనని సలహాదారమ్మ వంక చూస్తూ కూర్చున్నారు. ఆవిడేమో ఫోటోలో మామ్మగారి నవ్వు బాగా పడిందో లేదో చూసుకుంటోంది.