చెక్క బిళ్ల

కుట్టుమిషన్ల హాల్లో నలభై మంది ఆడవాళ్లకు ఒకటే చెక్క బిళ్ల. అది చేతిలో ఉంటేనే బాత్రూంకు వెళ్లనిస్తారు. ఆ బిళ్లేమో సూపర్‌వైజర్ జేబులో! కాలర్లు కుట్టే అమ్మాయికి ఆయన సొంత మేనమామ. ఉద్యోగం ఇప్పించిందీ, ఇంట్లో చోటిచ్చిందీ ఆయనే. అందుకే హాల్లో ఆయన్ని సార్ అంటూ రెండేళ్లుగా నోరు కుట్టేసుకుని బతుకుతోంది.

ఆ రోజు పని వెనకబడిందని ఆయన బిళ్ల బయటికి తియ్యనే లేదు. పక్క మిషన్ దగ్గర ఆరో నెల కడుపుతో ఉన్నావిడ పంటి బిగువున ఓర్చుకుంటోంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసేసరికి కాలర్ల అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. మిషన్ ఆపి లేచింది.

"మామయ్యా! ఇంట్లో అత్తయ్య కూడా మిమ్మల్ని అడిగే వెళ్తుందా?"

మిషన్లన్నీ ఠక్కున ఆగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం మాడిపోయింది. బిళ్ల ఆమె బల్ల మీదకు విసిరి, దగ్గరకొచ్చి పళ్లు కొరికాడు.

"సాయంత్రం ఇంటికే కదా వచ్చేది! అక్కడ చెప్తా నీ సంగతి."

ఆమె బిళ్ల తీసి పక్కావిడ చేతిలో పెట్టింది. తొక్కడానికి ఆమెకు మరో గడప లేదు.

"చెప్పండి మామయ్యా," అంది. "అత్తయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేనేం అడిగానో అది కూడా చెప్పండి."