ఛీ ఛీ అంటూ చూసిన క్యాసెట్టు

రెండో వాయి పునుగులు మూకుడులో తేలుతుండగా హాల్లోంచి మగవాళ్ళంతా ఒక్కసారి "ఛీ ఛీ" అన్నారు. సూర్యకుమారి చిల్లుల గరిటెతో పునుగులు తిరగేస్తూ చెవి అటు పడేసింది.

ఆమె మొగుడు నాగేంద్రప్రసాద్ మస్కట్ పక్కనే రుసైల్‌లో ఫ్యాక్టరీ ఇంజినీరు. వాళ్ళ ఇంగ్లీషు మేనేజరు చూడమని ఇచ్చిన క్యాసెట్టది. శుక్రవారం సెలవు కదా అని మస్కట్‌లో ఉన్న స్నేహితుల్ని పెళ్ళాలతో సహా భోజనానికి పిలిచి మరీ పెట్టాడు. అరవైల్లో అమెరికాలో ఏవో పొలాల్లో లక్షలమంది చేరి రోజుల తరబడి చేసుకున్న రాక్ సంగీతోత్సవం మీద డాక్యుమెంటరీ. "సంగీతమేనోయ్, నీకూ ఇష్టం కదా" అని పొద్దున్న సూర్యకుమారితో అన్నాడు కూడా. అప్పట్నుంచి ఆవిడకి అందిన సంగీతమల్లా మిక్సీ మోత, కుక్కరు కూత.

ఇందాక కంచాలు తీయడానికి వెళ్ళినప్పుడు ఓ నిమిషం తనూ చూసింది. వాన, బురద, ఆ బురదలో జారిపడి నవ్వుకుంటున్న కుర్రకారు. "ఏం మనుషులండీ! తిన్నదక్కడే పారేస్తున్నారు, మురికి వెధవలు" అన్నాడు నాగేంద్రప్రసాద్, నమిలిన కోడి ఎముకని టీపాయ్ అంచున పెడుతూ. తివాచీ మీద ములక్కాడ పిప్పి. కంచాల్లోనే చేతులు కడిగిన ఎర్రటి నీళ్ళు, అందులో ఆర్పిన సిగరెట్టు పీకలు. సూర్యకుమారికి ఆ టీవీలో బురదే నయమనిపించింది.

హాల్లో క్యాసెట్టు గిర్రున వెనక్కి తిరిగింది. మళ్ళీ అదే నీళ్ళ చప్పుడు, అదే ఇంగ్లీషు గొంతు, మళ్ళీ అవే ఛీలు. ఇలా తిప్పడం ఇది మూడోసారి.

"ఏట్ల ఆడపిల్లలు బట్టలిడిసి తానం జేస్తున్నరట వదినా. మా ఆయన ఆ ముక్క దాటనిస్తలేడు" అంది ఉల్లిపాయలు తరుగుతున్న రాజేశ్వరి. ఆమె మొగుడు ఓంకార్ అకౌంటెంటు. "మొగోళ్ళు గంతే వదినా. మనకెందుకు?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఛీ అంటే చాలు, ఎన్నిసార్లు చూసినా పాపం అంటదని కాబోలు. సూర్యకుమారి విసురుగా తర్వాతి వాయి వేసింది.

ఇంతలో హాల్లో టీవీ ఠక్కున ఆగింది. పద్నాలుగేళ్ళ కూతురు సాయిప్రియ గిటారు పట్టుకుని క్లాసుకని హాల్లోకి వచ్చింది. పక్క సందులో గోవా మాస్టారి దగ్గర శుక్రవారం సాయంత్రాలు నేర్చుకుంటోంది.

"ఏంది సార్, మీ బిడ్డ గూడ గివే నేర్సుకుంటున్నదా?" అన్నాడు ఓంకార్. అందరూ గొల్లుమన్నారు.

"మాన్పించేస్తున్నానండీ! ఈవాళ్టితో సరి" అన్నాడు నాగేంద్రప్రసాద్. "ప్రియా, లోపల పడెయ్ దాన్ని!"

మేనేజరు కూతురు వాయిస్తుందని ముచ్చటపడి ఆ గిటారు కొన్నది ఆయనే. వచ్చినవాళ్ళందరి ముందూ కూర్చోబెట్టి వాయించమన్నదీ ఆయనే.

పిల్ల వంటింట్లోకి వచ్చి నిలబడింది. "నేనేం చేశానమ్మా?"

సూర్యకుమారి చేతిలో గరిటె పక్కన పెట్టింది. పెళ్ళైన కొత్తలో కాకినాడలో పెరట్లో బట్టలారేస్తూ కీర్తన పాడుకుంటుంటే అత్తగారు "కోడలి గొంతు వీధిలోకి వినపడకూడదమ్మా" అంది. "పోనీలే, పెద్దావిడ" అన్నాడు మొగుడు. నేనేం చేశానని అప్పుడు తనూ అనుకుంది, పాట మింగేసి సిగ్గుతో తల దించుకుంది. ఆ దించడం అలవాటైపోయింది. కొట్లో కౌంటరు దగ్గరమ్మాయిని ఆయన గుచ్చి గుచ్చి చూస్తే తల దించుకున్నది తను. హోటల్లో సర్వర్ని వెధవా అంటే, బయటికొస్తూ ఆ కుర్రాడి వైపు చూడలేక చూసి నొచ్చుకున్నదీ తనే. ఆయన మాత్రం ఎప్పుడూ ఛాతీ విరుచుకునే నడిచాడు. ఇప్పుడు ఆ తల దించుకోవడం కూతురి మెడకి చుట్టుకోబోతోంది. ఆ మాట తోచగానే సూర్యకుమారికి ఒళ్ళు భగ్గుమంది. స్టవ్ కట్టేసింది. మూకుడులో మిగిలినవి ఏమైతే అవనీ.

"చెప్పులేసుకో ప్రియా. గిటారు వదలకు" అని పిల్ల చెయ్యి పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"పునుగులేవీ?" అన్నాడు నాగేంద్రప్రసాద్.

"దీన్ని క్లాసుకి దింపి వస్తాను. ఎందుకు మానాలో ముందు చెప్పండి."

"చూడలేదూ, ఎంత అసహ్యంగా ఉందో! గిటారు పట్టిన ఆడపిల్లల గతి ఇదే."

"అంత అసహ్యమైతే మూడుసార్లు వెనక్కెందుకు తిప్పారండీ?"

ఓంకార్ నేల చూపులు చూశాడు. గుమ్మంలో రాజేశ్వరి చేతిలో ఉల్లిపాయతో అలాగే నిలబడిపోయింది. నాగేంద్రప్రసాద్ మొహం జేవురించింది.

"నలుగురిలో, పిల్ల ముందు, ఏమిటా మాటలు? సిగ్గులేదూ నీకు?"

"బోలెడుంది. ఇన్నేళ్ళూ మీ వంతు సిగ్గు కూడా నేనే పడ్డాను. ఇక మీది మీరే పడండి."