రెండో గుంపు పిల్ల

నలభై మంది పిల్లల్లో ఇరవై మందిని ఏడాదిపాటు తలుపు బయట నిలబెట్టి, ఆ తర్వాత వాళ్ళకేం రాదో కొలిచి కాగితాల మీద గీతలు గీసిన పెద్దమనుషులారా, ఈ తప్పు మీదే. కోటుకంటిన సుద్దపొడిలా దీన్ని దులిపేసుకుని పోదామంటే కుదరదు.

సంగతి ఇదీ. పిల్లలకి కంప్యూటరు ఎలా నేర్పాలో కనిపెడతానంటూ పరిశోధకుడొకాయన బడికొచ్చాడు. ఏమడిగినా గ్రాఫు గీసి చూపిస్తాడు గనక పిల్లలు ఆయనకి గ్రాఫు సారని పేరు పెట్టేశారు. ఆరో తరగతి హాజరుపట్టీ తెరిచి సరిసంఖ్యల వాళ్ళు మొదటి గుంపు, బేసిసంఖ్యల వాళ్ళు రెండో గుంపు అన్నాడు. మొదటి గుంపుకి కంప్యూటరు గది. రెండో గుంపుకి వసారా. ముట్టుకున్నవాళ్ళకీ ముట్టుకోనివాళ్ళకీ తేడా తేలాలిగా మరి!

తలుపు దగ్గర కాపలా కాసింది లెక్కల టీచరు. ఇష్టమై కాదు. హెడ్మాస్టరు చెప్పాడు, ఆవిడ తలూపింది. బుధవారం, శుక్రవారం "నువ్వు లోపలికి, నువ్వటు" అంటూ పిల్లల్ని విడదీసింది. ఒక పిల్ల మాత్రం ప్రతిసారీ గడప దగ్గర ఆగి "ఎందుకు టీచర్?" అనేది. టీచరు చూపు తిప్పుకునేది.

ఆ పిల్ల కవలల్లో చిన్నది. పట్టీలో పెద్దది పద్నాలుగు, చిన్నది పదిహేను. పావుగంట తేడాలో పుట్టి, ఒకే దుప్పట్లో పడుకునే పిల్లల మధ్య ఈయన గోడ కట్టాడు. అంతటితో ఆగాడా? ఇంట్లో కంప్యూటరు ఊసెత్తనివ్వనని తల్లిచేత సంతకం పెట్టించమన్నాడు.

ఆ తల్లి బట్టలు కుడుతుంది. మెళ్ళో టేపు అలాగే వేలాడుతుండగా బడికొచ్చింది.

"ఏం బాబూ, ఇద్దరి నోళ్ళూ కుట్టెయ్యమంటావా? కుట్టడం నా పనేలే గానీ, ఇది మాత్రం నావల్ల కాదు."

"అలా కాదమ్మా. ఫలితాలు కలుషితమైపోతాయి."

"అక్క చెల్లెలికి చెబితే కలుషితమా? మా ఇంట్లో దాన్ని కబుర్లంటాం."

సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయింది.

గదిలో ఏం వెలగబెట్టారో కూడా వినండి. నలభై నిమిషాల పీరియడు. మొదటి పావుగంట "ఈరోజు నీకెంత ఉత్సాహంగా ఉంది?" అనే కాగితం నింపాలి. చివరి పావుగంట "ఇప్పుడెంత ఉంది?" అనే కాగితం. మధ్యలో ఉన్న పది నిమిషాల్లో ఏడు, ఉన్న ఐదు కంప్యూటర్లూ మేలుకుని కళ్ళు నులుముకోవడానికే సరి. మిగిలిన మూడు నిమిషాల్లో ఇరవై మంది పిల్లలు తోసుకుంటూ తెరమీది మరబొమ్మని ఆజ్ఞలిచ్చి నడిపించాలి.

ఇంట్లో చిన్నదే మరబొమ్మ. పెద్దది "రెండడుగులు ముందుకి, కుడికి తిరుగు" అంటే అలాగే నడిచేది. పోయి కుట్టుమిషనుకి గుద్దుకునేది.

"నువ్వే తప్పు చెప్పావ్! నేను చెప్పినట్టే నడిచా."

మళ్ళీ మొదటినుంచీ. తప్పెక్కడుందో మోకాలి దెబ్బే చెప్పేది.

ఏడాది చివర రెండు గుంపులకీ కాగితం మీదే పరీక్ష పెట్టారు. ఇరవైకి పెద్దదానికి పదహారు, చిన్నదానికి పందొమ్మిది. గ్రాఫు సారు మొహం మాడిపోయింది. చిన్నదాన్ని స్టాఫు రూముకి పిలిపించి, ఒక కాగితం టీచరు ముందుకి తోశాడు.

"ఈ పిల్ల అక్కని చూసి కాపీ కొట్టింది. సంతకం పెట్టండి, దీని పరీక్ష కొట్టేస్తాం."

కొట్టేస్తే ఏమవుతుందో టీచరుకి తెలుసు. పై తరగతిలో కంప్యూటరు సీట్లు ఈ మార్కుల్ని బట్టే. చిన్నదానికి మళ్ళీ వసారాయే, పైగా దొంగన్న పేరు.

"పెట్టెయ్యండి మేడమ్," పక్కనే ఉన్న హెడ్మాస్టరు గొంతు తగ్గించాడు. "పెద్దవాళ్ళతో మనకెందుకు?"

"పదహారు చూసి పందొమ్మిది ఎలా రాసింది సార్?" అంది టీచరు.

గ్రాఫు సారు గ్రాఫు గీయడానికి కాగితం వెతికాడు. ఈలోగా చిన్నది నోరు విప్పింది.

"పందొమ్మిది కాదు టీచర్, ఇరవై. పన్నెండో ప్రశ్నకి సారు జవాబే తప్పు. అలా నడిస్తే గోడకి గుద్దుకుంటాం. కావాలంటే సార్నే నడవమనండి."

ప్రశ్నలో బొమ్మ ఉన్నట్టే గచ్చు పలకల మీద, గోడలున్నచోట కుర్చీలు పెట్టింది. సారుకి తన జవాబు మీద అంత ధీమా. నడిచాడు. చిన్నది దిద్దిన కాగితంలోంచి ఆయన జవాబే గట్టిగా చదివింది: "మూడు ముందుకి. ఎడమకి. రెండు ముందుకి." ఎడమకి తిరిగాక రెండో అడుగుకే కుర్చీ బోర్లాపడింది.

"కుర్చీ జరిగింది," అన్నాడు సారు మోకాలు పట్టుకుని.

"లేదు సార్. చెప్పిన మాట తప్పు. మొదటినుంచీ చూసుకోవాలి," అంది చిన్నది, తనకి అలవాటైన పనే గనక, జాలిగా.

టీచరు కలం తీసింది. హెడ్మాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ సంతకం చోట గీత కొట్టేసి, కింద పెద్దక్షరాలతో ఇలా రాసింది:

"ఈ పిల్ల కాపీ కొట్టలేదు. ఏడాదంతా దీన్ని గడప దాటనివ్వనిది నేను, నాకా పని చెప్పింది మీరు. దీనికి ఇరవైకి ఇరవై వెయ్యండి. ఉత్సాహం కాగితాలు అటకెక్కించండి. పిల్లలెలా నేర్చుకుంటారో నిజంగా తెలుసుకోవాలనుంటే, వెళ్ళి ఆ దర్జీ ఇంట్లో కూర్చుని చూడండి. నలభై మందికీ గది తెరవండి. వచ్చే ఏడు కాదు, వచ్చే పీరియడుకే."