గిరిజ కంప్యూటర్‌కు ఆయుధపూజ

గిరిజ కంప్యూటర్ ఒక్కసారిగా ఇంట్లోకి రాలేదు. సముద్రం పక్కనున్న ముత్తియాల్‌పేటలోని ఆ ఇంటికి ముక్కలు ముక్కలుగా, కొన్నేళ్ళపాటు చేరింది. మొదట సింగపూరు నుంచి తమ్ముడు తెచ్చిన చిన్న యంత్రం. దానికి తెర ఇంటి టీవీయే. ఆదివారం సినిమా వేళకు తీగ పీకి టీవీని మామగారికి అప్పగించాల్సి వచ్చేది. దాన్ని ఎవరికో ఇచ్చేసి మద్రాసు నుంచి మదర్‌బోర్డు తెచ్చుకుంది. ఆపైన ఫ్లాపీ డ్రైవు, ఆ తరవాత సొంత మానిటర్. ఎనభై ఎనిమిది నాటికి పాతసామాన్ల దుకాణంలో దొరికిన, మదర్‌బోర్డులో నిలువుగా గుచ్చే మెమరీ కార్డు కూడా చేరింది. అన్నీ ఒక పీటమీద, పేగులు బయటపెట్టుకుని కూర్చునేవి.

ఆ విజయదశమికి వీధిలోని అయిదుగురు ఆడపిల్లలకు గిరిజ కంప్యూటర్ పాఠాలు మొదలుపెట్టాలి. దుకాణం నడిపే భర్త సీతాపతి ముందుగది ఇచ్చాడు, ఊరికే మాత్రం కాదు.

"నీ మిషన్ సరిగ్గా పలికితే గది నీది. లేకపోతే దుకాణం మిరపకాయ బస్తాలది."

మొదటి పాఠానికి ఆమె తెరమీద ముగ్గు వేసే ప్రోగ్రాము రాసుకుంది. ఆ ముగ్గు సగందాకా వచ్చి బిగుసుకుపోయేది. గణితంలో డిగ్రీ చదివిన మనిషి కాబట్టి తప్పు తన లెక్కదే అనుకుని రాసిందే తిరగరాసింది. ముగ్గు మాత్రం సగం దాటలేదు.

ఆయుధపూజ పొద్దున చామంతులు, గుమ్మడికాయ కొనుక్కుని బజారునుంచి వచ్చేసరికి పెరట్లో అత్తగారు పట్టమ్మాళ్ చీర ఎగదోపుకుని దుకాణం తూకంరాళ్ళు తోముతోంది. తోమినవన్నీ ఎండలో వరసగా ఆరుతున్నాయి. తక్కెడ పళ్ళేలు, కత్తిపీట, పక్కనే మెమరీ కార్డు. దానికి గంధం బొట్టు కూడా.

గిరిజ చేతిలో గుమ్మడికాయ జారబోయి ఆగింది.

"అత్తా! ఇది యాడ తీసినారు?"

"యాడేంది, నీ పీటమీదనే. రాళ్ళు తోమినా, కత్తిపీట తోమినా. నీ మిషన్ ఒక్కటీ ఏం పాపం చేసింది? అడుగున దువ్వెన పండ్ల మాదిరి రాగి ఉండాదే, అదంతా పచ్చగా కళింబు, చిలుము! చింతపండు పెట్టి రుద్దినాక చూడు, ఎట్ల మెరుస్తా ఉండాదో."

"నీళ్ళు గూడా పోసినారా?"

"పోయకుంటే? పులుపుకు చీమలు రావా? డిగ్రీ చదివిన దానివి, ఇది గూడా అడగాల్నా?"

గిరిజ మెట్టుమీద కూలబడింది. దాన్ని వెంటనే పెట్టి చూడటానికీ వీల్లేదు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకూడదు. సాయంత్రం కార్డు తక్కెడ పక్కన కుంకుమతో, పూలతో, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. సీతాపతి హారతి కళ్ళకద్దుకుంటూ అడిగాడు.

"బస్తాలు పంపమని కబురు పెట్టేదా?"

"పెట్టండి. కాపలాకు మిమ్మల్ని గూడా ఆడనే పండబెడతా."

విజయదశమి పొద్దున పిల్లలు తలంట్లు పోసుకుని వచ్చి చాపమీద కూర్చున్నారు. సీతాపతి గుమ్మంలో నిలబడ్డాడు. గిరిజ కుంకుమ తుడిచి, కార్డు నొక్కి పెట్టి, ఇంట్లో ఉన్న దేవుళ్ళందరికీ ఒకేసారి దండం పెట్టుకుని స్విచ్చి వేసింది.

చుక్కలు పడ్డాయి. గీత కదిలింది. ఎప్పుడూ ఆగేచోట గిరిజ ఊపిరి బిగపట్టింది. గీత ఆగలేదు. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి వచ్చి బయల్దేరిన చోటే కలిసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సీతాపతి, దుకాణం తెరవాలని గుర్తొచ్చినవాడిలా, చెప్పులు వెతుక్కున్నాడు.

లెక్కలో తప్పు ఏనాడూ లేదు. సముద్రపు గాలికి చిలుము పట్టిన రాగిపళ్ళు సరిగ్గా తగలకపోవడమే తంటా. గిరిజ తమలపాకులు, వక్క, అరటిపండ్లు పళ్ళెంలో పెట్టి తెచ్చి, పిల్లలందరి ఎదుటా అత్తగారి కాళ్ళకు మొక్కింది.

"ఏందే ఇది?" అని పట్టమ్మాళ్ కంగారుపడింది.

"మొదటి దక్షిణ మీకే అత్తా. మీరు తోమకుంటే నాకు ఈ గది లేదు. నిజంగానే చెప్తా ఉండా."

పట్టమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళతోనే పీటమీది మదర్‌బోర్డును తేరిపార చూసింది. "అయితే ఈ పెద్దది ఎప్పుడు తోమేది?"

గిరిజ ఆమె చేయి గట్టిగా పట్టుకుని కీబోర్డు ముందుకు లాక్కొచ్చింది.

"ముందు ఈడ కూర్చోండి అత్తా. పాఠం మీతోనే మొదలు."