ఐజక్ యజమానురాలు

"జీతం లేని ఉద్యోగానికి ఇంత పొద్దున్నే తయారా?" అన్నారు మా ఆయన ఉమాకాంత్, లంచ్ బాక్స్ అందుకుంటూ. నవ్వుతూనే అన్నారు. ఆయన ఏదైనా నవ్వుతూనే అంటారు, అందుకే నేను బాధపడితే తప్పు నాదవుతుంది. "పోనీలేరా, ఇంట్లో తోచక వెళ్తోంది," అంటూ అత్తయ్య నన్ను వెనకేసుకొచ్చారు. తోచక! ఇడ్లీలు వేసి, మా అమ్మాయి అదితిని స్కూల్ బస్సెక్కించి, ఆవిడ షుగర్ మాత్రలు తీసిపెట్టి, ఉతికిన బట్టలన్నీ మడిచాక తోచకపోవడం. హిస్టరీలో ఎమ్మే చేసి కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. డిపెండెంట్ వీసా మీద జీతం తీసుకోకూడదు గానీ, చదవకూడదని ఎక్కడా లేదు. అందుకే వర్జీనియాలో మేముండే కౌంటీ పాత కోర్టు రికార్డు రూములో వాలంటీర్‌గా చేరాను.

బానిసత్వం ఉన్న రోజుల్లోనూ ఇక్కడ కొందరు నల్లవాళ్ళు స్వతంత్రులుగా బతికారు. కాకపోతే కోర్టుకొచ్చి, తమ ఎత్తూ ఒంటిమీది మచ్చలూ రాయించుకుని, స్వతంత్రులమని కాగితం తీసుకోవాలి. ఆ రాత చదివి పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. మిసెస్ గాస్కిన్స్ అక్కడే పరిచయమయింది. ఎనభై దాటిన నల్లజాతి టీచరమ్మ, రిటైరయింది. "మా ముత్తవ్వకి అమ్మమ్మ, హానా," అంది గొంతు తగ్గించి. "స్వతంత్రురాలే. కానీ ఆమెకో బానిస ఉండేవాడట, ఐజక్ అని. మా అమ్మ ఆ పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. మన జాతివాణ్ణి మనమే కొనుక్కున్నామా అని సిగ్గు. నిజమేంటో తెలుసుకుని పోవాలి, జయంతీ."

2012 ఫిబ్రవరిలో ఉమాకాంత్‌కి డల్లాస్‌లో ఉద్యోగం వచ్చింది. "డల్లాస్ పక్కనే, ఫ్రిస్కోలో ఇల్లు బుక్ చేశాను. స్కూల్ డిస్ట్రిక్ట్ బావుంది. జూన్‌లో మూవ్ అవుతున్నాం," అన్నారు.

"నన్ను అడగలేదేం?"

"నీకిక్కడ ఏముందని?"

గిన్నెలు కడుగుతున్నా, కారు నడుపుతున్నా ఆ మాటే చెవిలో పడుతోంది. ఏముంది నాకు? ఇంకా తెరవని పెట్టెలున్నాయి. ఒక ముసలావిడ ప్రశ్న ఉంది. మామూలు రోజుల్లోనే వెళ్ళేదాన్ని కాస్తా, అప్పట్నించి శనివారాలు కూడా వెళ్ళడం మొదలుపెట్టాను. శనివారం ఇంట్లో వంట ఎవరు చేశారో నేను అడగలేదు.

మే నెలలో దొరికింది, హానా తరఫున ఎవరో రాసిపెట్టిన అర్జీ. అందులో ఇలా ఉంది: ఐజక్ నా భర్త. బట్టలుతికి కూడబెట్టుకుని అతని యజమాని దగ్గర కొన్నాను. స్వేచ్ఛ ఇస్తే అతను ఏడాదిలోగా రాష్ట్రం విడిచిపోవాలంటోంది చట్టం. దయచేసి ఇక్కడే ఉండనివ్వండి. వెనకవైపు కోర్టు రాసింది ఒక్కటే మాట: తిరస్కరించాం. ఆ తర్వాత పన్నుల లెక్కల్లో ప్రతి ఏడూ హానా పేరు కింద ఒక బానిస. మొగుణ్ణి ఇంట్లో ఉంచుకోవడానికి చచ్చేదాకా అతనికి యజమానురాలిగానే ఉండిపోయింది. నా బతుకుని ఆమె బతుకుతో పోల్చుకోను, అది పాపం. కానీ తన చోటు వదలనని ఆమె కోర్టు దాకా వెళ్ళింది. నేను భోజనాల బల్ల దాకా కూడా వెళ్ళలేనా?

చదివి వినిపిస్తే మిసెస్ గాస్కిన్స్ కళ్ళజోడు తీసేసింది. "మొగుడా!" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "జులైలో మా చర్చిలో బంధువులందరం కలుస్తాం. నువ్వే వచ్చి చెప్పాలి. నేను చెబితే కట్టుకథ అంటారు."

ఆ సాయంత్రం అన్నాలు వడ్డించి నేనూ కూర్చున్నాను. "జూన్‌లో మీరు వెళ్ళండి. నేనూ అదితీ వేసవి అయ్యేదాకా ఇక్కడే ఉంటాం. జులైలో మిసెస్ గాస్కిన్స్ వాళ్ళ చర్చిలో నేను మాట్లాడాలి. అపార్ట్‌మెంట్ లీజు పొడిగించమని ఆఫీసులో చెప్పొచ్చాను."

"వాడికి వంటెవరు చేస్తారే?" అన్నారు అత్తయ్య.

"నేర్చుకుంటారత్తయ్యా."

ఉమాకాంత్ కంచం పక్కకి జరిపారు. "వాళ్ళెవరో, నువ్వెవరో," అన్నారు.

"నాకు తెలుసండీ వాళ్ళెవరో. పేరుపేరునా తెలుసు."

జులైలో ఆ చర్చిలో నిలబడి అర్జీ చదివాను. నా ఇంగ్లిష్ యాస ఎవరికీ అడ్డం కాలేదు. ఐజక్ పేరు వినగానే మిసెస్ గాస్కిన్స్ లేచి నిలబడింది, తర్వాత ఒక్కొక్కరుగా అందరూ లేచారు. చివరి వరసలోంచి ఒకావిడ నా దగ్గరకొచ్చింది. "మా వంశంలోనూ ఇలాంటి పేరొకటుంది. మేం ఎవరమూ పైకి అనం. వెతుకుతారా?"

"వెతుకుతాను," అన్నాను.

ఫ్రిస్కోకి టికెట్లు నేనింకా బుక్ చెయ్యలేదు.