అర్థమైంది డాక్టరు

ఒక చేత్తో చెవికి ఫోను, మరో చేత్తో సంతకాలు, అన్నీ నిలబడే. ఆసుపత్రి సూపరింటెండెంటు కుర్చీ దక్కి చాలాకాలమైంది గానీ, దానికి ఆయన వీపు ఆనింది తక్కువ. ఎముకల డాక్టరుగా పేరున్న మనిషి. నడక చూసి నొప్పి ఎక్కడో చెప్పేవాడు. ఆ తొందరే పాలనలోకీ తెచ్చుకున్నాడు. ఎదుటివాళ్ళు నోరు తెరవగానే "అర్థమైంది" అని ఏదో ఒక మందు రాసిచ్చినట్టు పరిష్కారం చెప్పేసేవాడు. సిబ్బంది చాటుగా పెట్టిన పేరు కూడా అదే.

"సార్, లిఫ్టు..." అన్నాడు ఎలక్ట్రీషియను.

"అర్థమైంది. మోటారు మార్పించెయ్."

"మోటారు బానే ఉంది సార్, తలుపే..." అనేలోపు ఆయన వరండా దాటేశాడు.

పైఅంతస్తులో ఆపరేషన్ల వార్డు గుమ్మంలో హెడ్ నర్సు ఎదురైంది. ఒకరంటే ఒకరికి పడని సర్జన్లను ఒకే థియేటరులో సర్దగలిగింది ఆవిడ ఒక్కతే. ఆవిడ లేకపోతే ఆసుపత్రి కుంటుపడుతుందని ఆయనకు తెలుసు. ఆ మాట ఆవిడతో ఎన్నడూ అనలేదు, అంతే.

"సార్, ఒక్క మాట. నేను ఇవాళ..."

"అర్థమైంది సిస్టర్. మనుషులు చాలట్లేదు. ఇద్దర్ని పంపిస్తా."

మధ్యాహ్నం మెట్ల దగ్గర మళ్ళీ ఆపింది. "సార్, సాయంత్రంలోగా మీతో..."

"సెలవేగా? వారం తీసుకోండి."

ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఆయన్ని స్థిమితంగా ఉండనివ్వలేదు. అన్నం సహించలేదు. ఇంట్లో భార్యా ఇలాగే నవ్వుతుంది. "మీతో మాట మొదలెట్టడమే గానీ పూర్తిచేసి ఎరగనండీ" అంటుంది.

గదిలో పచార్లు చేసి చేసి, గుమాస్తాను పిలిచాడు.

"హెడ్ నర్సుకు ఏం కావాలట?"

గుమాస్తా బుర్ర గోక్కున్నాడు. "ఇంకేం అక్కర్లేదు సార్. ఇవాళ్టితో మానేస్తున్నారు. పోయిన నెల రాజీనామా మీద మీరే సంతకం పెట్టారు కదా."

ఆయన వరండాలోకి పరుగెత్తాడు. లిఫ్టు ఇంకా కదలడం లేదు. రొప్పుకుంటూ మెట్లన్నీ ఎక్కాడు. నర్సుల గదిలో ఆవిడ బల్లమీద కూర్చుని, ఇంటికెళ్ళే చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది.

"చెప్పండి సిస్టర్" అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను పళ్ళ మధ్య బిగబట్టాడు.

"రెండేళ్ళుగా కుడి మోకాలు సార్. కింది వార్డుకు మార్చమని అడగడానికే వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా మీరు ఇంకేదో ఇచ్చి పంపేవారు. ఒకసారి కొత్త ఫ్యాను కూడా ఇచ్చారు." నవ్వింది. "కోపం లేదు సార్. ఇక నావల్ల కాదు, అంతే. మా అక్క వాళ్ళింటి పక్కనే క్లినిక్కు. కూర్చుని చేసే పని."

ఆయన చివరిదాకా విన్నాడు. ఇవ్వడమే తప్ప ఒకరిని అడగడం ఆయనకు అలవాటు లేదు.

"ఉండిపోండి సిస్టర్" అన్నాడు, అతి కష్టంమీద.

ఆవిడ తల అడ్డంగా ఊపి, గోడ పట్టుకుని లేచింది. కుంటుతూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. రెండేళ్ళుగా ఆ నడక ఆయన కళ్ళముందే ఉంది.

బల్ల కింద ఆవిడ వార్డులో వేసుకునే తెల్ల బూట్లు ఉండిపోయాయి. కుడిదాని మడమ ఇంకా కొత్తగానే ఉంది, ఎడమది మాత్రం అట్టముక్కలా పలచగా అరిగిపోయింది.