పాట ఆగిన చోట

"ఏమ్మే, బజ్జీల పిండి జారుగా కలపొద్దు. వచ్చేటోళ్ళు మన మాదిరోళ్ళు కాదు!" అని రాజ్యలక్ష్మమ్మ హాల్లోంచి అరిచింది. వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళయినా తినేది నోటితోనే కదా! గోవా నుంచి ఒక డ్రమ్ములాయన, చెన్నై నుంచి కెమెరాలవాళ్ళు, వాళ్ళందరినీ వెంటేసుకుని ఆడబిడ్డ కూతురు తనూజ. ఇంతేగా వచ్చేది? అయినా కోడలి పిండిలో తప్పు పట్టడానికి ఆవిడకు చుట్టాలే రానక్కర్లేదు. ఎవరూ రాని రోజుల్లో కూడా ఏ లోటూ లేకుండా జరుగుతున్న సేవే అది. శ్రీవాసవి నానిన బొరుగులు పిండి, ఉగ్గానికి తిరగమాత పెట్టింది.

వంటింటి గుమ్మంలో మొగుడు రాఘవేంద్రప్రసాద్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. కడప వై.వి. స్ట్రీట్‌లో బట్టల అంగడి ఆయనది. మొన్నమొన్నటిదాకా జాజ్ అంటే చుడీదార్లకు కొత్తగా వచ్చిన గుడ్డ రకం అనుకున్న మనిషి. ఇప్పుడు చీరలు చూపిస్తూ చూపిస్తూ, "మా మేనకోడలి జాజ్ రికార్డు లండన్‌లో మోగిపోతాండాది" అని ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెబుతున్నాడు. "విన్నావా? ఈ సంవత్సరం వచ్చిన కొత్త రికార్డుల్లో మేటి పదింట్లో ఒకటంట. ఈ రాసినాయన ఏమంటాడో చూడు. ఆ పాట మధ్యలో వచ్చే నిశ్శబ్దంలోనే సంగీతమంతా ఉండాదంట. మన తనూజ బుర్రే బుర్ర!" అని చదివి వినిపించాడు. శ్రీవాసవి మరిగే నూనెలో ఇంకో బజ్జీ వేసింది. ఆ నిశ్శబ్దం ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఇంట్లో ముగ్గురికి తెలుసు. అందులో ఈయన ఒకడు. తెలిసి కూడా చదువుతున్నాడంటే ఎంత బండబారి ఉండాలి!

జరిగింది చెప్పాలంటే శ్రీవాసవి కూతురు యామిని పెళ్ళి దగ్గరికి పోవాలి. ఇదే ఇంటి పెరట్లో, ఇదే రోట్లో పసుపు దంచారు. పెళ్ళి పనులు మొదలయ్యేది పసుపు దంచడంతోనే. కొమ్ములు రోట్లో పోసి, రోకలికి తోరం కట్టి, తల్లి తొలిపోటు వేసి పాట ఎత్తుకోవాలి. జమ్మలమడుగులో పుట్టింటివాళ్ళ దగ్గర నేర్చుకున్న పాట శ్రీవాసవిది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో వంటచేస్తూ ఒకసారి గొంతెత్తితే, "ఇదేమన్నా డ్రామా కంపెనీనా?" అన్నాడు మొగుడు. అంతే, ఆ తర్వాత పాట లేదు. కానీ కూతురి పెళ్ళి కదా! పసుపు ఘాటు ముక్కుకెక్కుతుండగా తనను తాను మరిచి ఎత్తుకుంది.

"పెన్న దాటి వస్తిని, పసుపు కొమ్ము తెస్తిని,
కన్నకూతురి..."

అక్కడికి వచ్చేసరికి, "ఏమ్మే, గొంతు దించు! వసారాలో మగోళ్ళు కూర్చోనుండారు. బజారంతా వినపడల్లనా నీ పాట? పెండ్లికూతురు తల్లివా, బజారుదానివా?" అని రాజ్యలక్ష్మమ్మ కేక పెట్టింది. వియ్యాలవారి ముందర, చుట్టాలందరి ముందర, పెళ్ళికూతురి ముందర. శ్రీవాసవి రోకలి ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది. వసారాలో వియ్యంకుడి పక్కన కూర్చున్న మొగుడు అటు చూసి నవ్వాడు, వియ్యంకుడికి ఏదో సర్దిచెప్పే నవ్వు. ఆ నవ్వు ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. కాసేపటికి ఆ ఒక్క చరణం లోగొంతులో, వసారాలోకి వినపడకుండా ముగించింది. చెన్నైలో పియానో నేర్చుకుని వచ్చిన తనూజ ఆ రోజు చేతిలో చిన్న రికార్డరు పట్టుకుని పెరట్లోనే తిరుగుతోంది.

ఆ పాటే ఇప్పుడు 'పసుపు' అనే రికార్డులో వచ్చింది. రోకటిపోటు కింద డ్రమ్ములు, పాట కింద తనూజ పియానో. దాన్ని శ్రీవాసవి మొదటిసారి విన్నది చీరలకు ఫాల్ కుట్టుకుంటూ. అంగడి ముందర 'ప్రతి చీరకు ఫాల్ ఉచితం' అని పెద్ద బోర్డు ఉంది. ఉచితం ఎట్లా అవుతుందో ఏ కొనుగోలుదారూ అడగలేదు. అమ్మిన ప్రతి చీరా సాయంత్రానికి ఇంటికి వస్తుంది, ఇంటి కోడలు కుడుతుంది, పొద్దున్నే చీర అంగడికి పోతుంది. అదీ ఉచితమంటే! ఆ కుట్టేటప్పుడు వినమని తనూజ అప్పుడప్పుడు కొత్తగా వచ్చిన జాజ్ రికార్డులు పంపేది. మొదట్లో గందరగోళంగా అనిపించింది. పోనుపోను ఒకటి పట్టుబడింది. ఆ సంగీతంలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క వంతు ఉంటుంది. ట్రంపెట్ ఊదే ఆవిడ మొదలుపెట్టిందంటే ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా మిగిలినవాళ్ళు కింద ఉండి మోస్తారు. ఎంతసేపు పట్టినా సరే, ఎటు తిరిగినా సరే, మధ్యలో ఒక్కరూ అడ్డం రారు. అయిపోయాక జనం చప్పట్లు కొడతారు. సూది పట్టుకుని కూర్చున్న శ్రీవాసవికి కళ్ళు చెమర్చాయి. ఈ ఇంట్లో ఉప్పు ఎందుకు తగ్గిందో చెప్పబోయినా ఆ వాక్యం చివరిదాకా పోలేదు ఎప్పుడూ.

తన పాట వచ్చింది. 'కన్నకూతురి' దగ్గర ఆగింది. అత్త కేక వస్తుందని ఒళ్ళు బిగబట్టుకుంది. రాలేదు. ఆ కేక ఉండాల్సిన చోట తుడిచిపెట్టినట్టు ఖాళీ. ఆ ఖాళీ తర్వాత తన లోగొంతు, దాని పక్కన నెమ్మదిగా పియానో. దాన్ని పట్టుకుని దేశదేశాల వాళ్ళు ఎంత రాశారమ్మా! ఆ స్త్రీకి కాలం మీద ఉన్న పట్టు అపూర్వమన్నారు, సమయం తెలిసి మౌనం పాటించడం జాజ్‌లో కూడా కొద్దిమందికే సాధ్యమన్నారు. సమయం తెలిసి! తిట్టు తిని నోరు మూసుకున్న మనిషిని పట్టుకుని! శ్రీవాసవికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది.

ఫోన్ చేసి అడిగింది. "మా అత్త మాట ఏమయింది తనూజా?"

"అవ్వ మాటా? అది నాయిస్ అత్తా, క్లీన్ చేయించేశా. నువ్వు ఆగిన తీరుంది చూడు, అదీ అసలు అందం."

"రికార్డు మీద నా పేరు లేదే?"

"గొంతు: మా ఇంటి ఆడవాళ్ళు అని పెట్టినాను కదా. అది ఒక్కరి గొంతు కాదత్తా, తరతరాల గొంతు. పేరు పెడితే చిన్నదైపోతుంది."

రికార్డు అట్ట మీద తనూజ పేరు మాత్రం వేలెడంత ఉంది. దానికి చిన్నతనం ఏమీ రాలేదు. పైగా ఆ పిల్ల ఇచ్చే ఇంటర్వ్యూలు చూడాలి! ఇంటి ఆడవాళ్ళ శ్రమ, వినపడని గొంతులు అంటూ కళ్ళు మూసుకుని చెబుతుంది. మొగుడితో అంటే, "నీకు పేరెందుకే? పేరు బయటపడితే అంగట్లో నలుగురూ అడుగుతారు, నేనేం చెప్పల్ల?" అన్నాడు. అత్త తిట్టడం సరే, అది ఆమెకు అలవాటే. మొగుడి నవ్వు కూడా అలవాటే. కానీ ఆడపిల్ల, చదువుకున్నది, తనను అత్తా అత్తా అని చుట్టుకుని తిరిగినది, తిట్టును తుడిచేసి, తిట్టు తిన్నదాని మౌనాన్ని మాత్రం ఉంచుకుంది. దాన్ని శ్రీవాసవి క్షమించలేకపోయింది.

ఇదిగో, ఇప్పుడు ఆ పాటనే కెమెరా ముందు మళ్ళీ చిత్రీకరించాలని వచ్చారు. రికార్డు చేసినచోటే, అదే రోట్లో, అదే పాట. ఈ కొత్త రికార్డింగు విదేశాల్లో జాజ్ పండగలకు పోతుందట. ఉగ్గాని, బజ్జీలు తిని, రాజ్యలక్ష్మమ్మ వంటకు వాళ్ళు చప్పట్లు కొట్టారు. అవునండీ, ఆవిడ వంటకే. ఆవిడ కంచిపట్టు కట్టి, పెరట్లో కుర్చీ వేయించుకుని, "మా ఇంట్లో పాటలు మొదట్నుంచీ శానా ఇష్టమప్పా" అని కెమెరాకు చెప్పింది. శ్రీవాసవి రోలు ముందర కూర్చుంది. నెత్తి మీద మైకు వేలాడింది, ఒకపక్క తనూజ పియానో, ఒకపక్క డ్రమ్ములు పెట్టారు.

"ఒక్కటే గుర్తుపెట్టుకో అత్తా" అంది తనూజ, ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుతూ. "కన్నకూతురి దగ్గర ఆగాల. మళ్ళీ నేను తలూపినాక లోగొంతులో అందుకోవాల. అంతే."

పాడింది. ఆగింది. కుదరలేదన్నారు. మళ్ళీ పాడింది. ముందే ఆగిపోయిందన్నారు. ఇంకోసారి పాడితే ఆ రోజు భావం రాలేదన్నారు. పసుపు దుమ్ముకు గొంతు మండుతోంది, రోకలి పట్టిన అరచేయి బొబ్బలెక్కుతోంది. తనూజ నుదురు కొట్టుకుంది. "ఆ పొద్దు ఎంత సహజంగా వచ్చిందత్తా! ఇప్పుడెందుకు రావడంలా?"

"నోరు మూసుకునేది కూడా చెప్పి చేపించల్లనా నీకు?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "ఇంతమందిని పిలిపించి ఇజ్జత్ తీస్తాండావు."

శ్రీవాసవి రోకలి కింద పెట్టింది. ఆమెకు భయం వేయలేదు, ఆశ్చర్యం వేసింది, భయం వేయనందుకు. "నాకు రాదు తనూజా. ఆ పొద్దు మా అత్త అంటేనే కదా నేను ఆగింది." కుర్చీ వైపు తిరిగింది. "అత్తమ్మా, ఆ రోజు అన్న మాట మళ్ళా ఒకసారి అనండి. మీరంటే ఆగుతా."

"నేనా? నేనేమన్నా?" అంది రాజ్యలక్ష్మమ్మ, కంచిపట్టు కొంగు దగ్గరికి లాక్కుంటూ. "నేను ఒప్పుకుంటేనే కదా నువ్వు ఈ పొద్దు ఈడ కూర్చోనుండేది!" డ్రమ్ములాయనకు తెలుగు రాదు. ఏమంటున్నారని తనూజను ఇంగ్లీషులో అడిగాడు. గొంతు ఆరిపోయిందట, మంచినీళ్ళు కావాలట అని చెప్పింది తనూజ. కడప కాలేజీలో బీకాం ఫస్టు క్లాసులో పాసైన మనిషి ముందర ఆ మాట చెప్పింది! పెళ్ళయ్యాక వాడకుండా పడి ఉన్న ఇంగ్లీషును శ్రీవాసవి ఒక్కొక్క మాటే ఏరుకుని ఆయనతో అంది: "నీళ్ళు కాదు. ఆ పాటలో ఇంకొక మనిషి మాట ఉండేది. నన్ను నోరు మూసుకోమన్న మాట. ఈ పిల్ల దాన్ని తీసేసింది." ఆయన తనూజ వైపు చూశాడు. తనూజ పియానో మీటల వైపు చూసింది.

"అత్తా, అదంతా ఇప్పుడెందుకు? ప్లీజ్. ఆఖరిసారి, పాడు" అంది తనూజ.

పాడింది. ఈసారి గొంతు దాచుకోలేదు. పెన్న దాటి, పసుపు కొమ్ము తెచ్చి, కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి పాట గోడ దాటి వీధిలో పడుతోంది. ఎవరో సైకిలు ఆపి తొంగిచూశారు. మొగుడు రెండు చేతులతో 'దించు, దించు' అని సైగ చేశాడు. ఇక రాజ్యలక్ష్మమ్మకు కెమెరాలు గుర్తు లేవు, కంచిపట్టు గుర్తు లేదు. "ఏమ్మే, గొంతు దించు! వీధంతా వినపడతాండాది, సిగ్గులేదా?" అని లేచి నిలబడి కేక పెట్టింది.

శ్రీవాసవి ఆవిడ మొహంలోకి సూటిగా చూస్తూనే పాడింది.

"కన్నకూతురి గడపకు పచ్చన పూసి పోతిని.
పూసిన గడపలకు పచ్చన ఎన్నాళ్ళే,
రోకలి ఎత్తిన రెక్కకు నొప్పి ఎన్నేళ్ళే!"

రెండో చరణం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ విననిది. ఆగుతుందని చేతులెత్తి కూర్చున్న డ్రమ్ములాయన, ఆగదని తెలిశాక చేతులు దించి ఆమె రోకటిపోటు వెనకే నడిచాడు. తనూజ పియానో తాకలేదు. రాజ్యలక్ష్మమ్మ ఇంకో రెండు కేకలు పెట్టింది. పాట దాని దారిన అది పోయి, ముగియాల్సిన చోట ముగిసింది.

"అయిపోయిందా నీ కచేరీ? వీళ్ళ భోజనాల సంగతేంది?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇప్పటి పాటను మళ్ళీ విన్న తనూజ పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అద్భుతం అత్తా! ఇంత బాగా నువ్వెప్పుడూ పాడలేదు. నీ పేరు కూడా వేస్తా, సరేనా? అవ్వ కేకలు నేను చూసుకుంటాలే, ఒక్కటి కూడా లేకుండా తీసేయిస్తా."

శ్రీవాసవి పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అవి తీస్తే నా పాట కూడా తీసెయ్ తనూజా. ఆ కేకలు లేకుండా ఈ ఇంట్లో నేను ఒక్క పొద్దు పాడింది లేదు."